ఓబుళేశు లేపిన ట్యాంకు

నేను కొత్త మోటర్లు అమ్ముతాను. ఓబుళేశు చచ్చిన మోటర్లను లేపుతాడు. డోన్‌లో మా రెండు దుకాణాల మధ్య ఉన్నది ఇరవై అడుగుల రోడ్డు. బోరు మోటరు కాలిపోతే దాన్ని ఆటోలో వేసుకుని, మొహం వేలాడేసుకుని వచ్చే రైతు ముందు నా దుకాణంలోకే వస్తాడు. నా కుర్చీలో కూర్చుంటాడు, నా కూజాలో నీళ్లు తాగుతాడు, కొత్త మోటరు సంగతులన్నీ అడుగుతాడు. తర్వాత మూతి తుడుచుకుని, రోడ్డు దాటి ఓబుళేశు దగ్గరికి పోతాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇది చూస్తున్నవాడికి కడుపు మండదా? మండుతుంది. అయినా ఓబుళేశు గురించి రాయడానికి నాకంటే తగినవాడు దొరకడు. స్నేహితుడైతే అప్పుడప్పుడూ చూస్తాడు, గిరాకీ పోగొట్టుకున్నవాడు పొద్దస్తమానం చూస్తూనే ఉంటాడు. నా పేరు కేశవయ్య.

ఓబుళేశుకు యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. వేళ్ల నిండా మోటరు తీగకు పూసే వార్నిష్ మరకలు ఎప్పుడూ ఉంటాయి, పెళ్లిళ్లలో అక్షింతలు కూడా ఆ వేళ్లతోనే వేస్తాడు. దుకాణానికి మోటరు రాగానే విప్పడు. ముందు రైతును కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెడతాడు. “యెప్పుడు కాలిందప్పా? కరెంటు సరిగ్గా వస్తాండెనా? ముందు వాసన వచ్చెనా, శబ్దం వచ్చెనా?” రైతు పొరపాటున “చచ్చిపాయ మోటరు” అన్నాడంటే ఓబుళేశుకు చెడ్డ కోపం వస్తుంది. “చచ్చిందో లేదో చెప్పాల్సింది నువ్వా, నేనా?” అంటాడు.

పనిలో అతనికి రెండు పట్టింపులు ఉన్నాయి. కాలిన రాగితీగ తీసేసి కొత్తది చుట్టడం అయ్యాక మోటరును నీళ్లతొట్టిలో దించి ఆన్ చేస్తాడు. ఆపుతాడు. చెయ్యి పెట్టి వేడి చూస్తాడు. మళ్లీ ఆన్ చేస్తాడు, మళ్లీ ఆపుతాడు. అలా మూడుసార్లు. రైతుకు బస్సు తప్పిపోతున్నా సరే, మూడో ట్రయల్ కానిదే మోటరు గడప దాటదు. రెండోది, ఎవరి మోటరు వాళ్ల బోరుకే చేరాలి. ప్యాపిలి దగ్గరి రైతు ఒకడు మోటరు ఇచ్చి ఏడాదైనా తిరిగి చూడకపోతే, ఓబుళేశే ఆటో మాట్లాడుకుని పోయి ఇచ్చి వచ్చాడు. ఆ రైతు ఈలోగా నా దగ్గర కొత్తది కొన్నాడు. ఇప్పుడు అతనికి రెండు మోటర్లు ఉన్నాయి. ఇక ఈ జన్మకు నా దుకాణం మెట్లు ఎక్కడు.

ఈ విద్యను ఓబుళేశు ఒకే ఒక్కడికి నేర్పాడు. భార్య శ్రీదేవి తమ్ముడు మహానందికి. అతను పదేళ్లు ఆ దుకాణంలోనే పనిచేశాడు, ఆ ఇంట్లోనే తిన్నాడు. ఏడేళ్ల కిందట ఓబుళేశు అహోబిలం పోయిన రోజు ఒక రైతు కాలిన మోటరు తెచ్చాడు. మహానంది విప్పి చూసి, “ఇది అయిపాయప్పా, కొత్తది కొనుక్కో” అని చెప్పి, దాన్ని పాత ఇనుముకు వేసేశాడు. ఆ రైతు రోడ్డు దాటి వచ్చి నా దగ్గర కొత్త మోటరు కొన్నాడు. అటునుంచి ఇటు దాటి వచ్చిన రైతును నేను చూడడం అదే మొదటిసారి. ఆ రోజు నేను ఇంటికి స్వీట్లు కూడా తీసుకుపోయాను. దాచడం ఎందుకు?

మరునాడు ఓబుళేశు తిరిగొచ్చి సంగతి విన్నాడు. “అది చచ్చిందని చెప్పేకి నువ్వెవరురా?” అన్నాడు. “నీకు పని కంటే పిచ్చి ఎక్కువైంది బావా” అన్నాడు మహానంది. మాటకు మాట పెరిగింది. నేను మధ్యలో పోయి ఇద్దరి చేతా తిట్లు తిన్నాను. చివరకు మహానంది “ఇంక ఈ ఇంట్లో నీళ్లు గూడా ముట్టను” అని పెళ్లాంబిడ్డలతో కడప అవతల రాయచోటికి పోయి సొంతంగా వైండింగ్ దుకాణం పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

వాళ్లిద్దరి పంతం ఒక ఎత్తు, శ్రీదేవమ్మ పంతం ఒక ఎత్తు. తల్లి పోయినప్పుడు మహానందికి మూడేళ్లట. చంకనేసుకుని పెంచింది ఆమే. “నా ఇంటి నీళ్లు ముట్టనన్న్యాడు. వాడే రావల్ల, వాడే అడగల్ల. నేను ఫోను చేసేది లేదు” అంది. అన్నట్టే ఏడేళ్లు చేయలేదు. కానీ కడప వైపు నుంచి వచ్చే బస్సు మా రోడ్డులో ఆగినప్పుడల్లా, చేతిలో పని ఆపి, దిగేవాళ్లను ఒక్కొక్కరినీ చూస్తుంది. “ఎవరి కోసమమ్మా?” అని అడిగితే, “యెవరికీ గాదు శెట్టీ, యెండ యెంతుండాదో చూస్తాండా” అంటుంది. ఏడేళ్లుగా ఎండ చూస్తూనే ఉంది. ఆ మోటరు అమ్మినందుకు నాకు సిగ్గేసేది అప్పుడే.

పోయిన ఎండాకాలం ఓబుళేశు ఒక మోటరును తొట్టిలోకి దించుతుంటే తాడు జారి మోటరు కాలి మీద పడింది. ఎముక విరిగింది. కట్టు కట్టి, మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. ఓబుళేశు మంచం మీద ఊరికే ఉండడమంటే ఇంట్లోవాళ్లకు శిక్ష. ఫ్యాను చప్పుడు తేడాగా ఉందని విప్పించాడు. మిక్సీ విప్పించాడు. గడియారం విప్పి బిగించాక అది వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఇక లాభం లేదని కూతురు తనూజ తన ల్యాప్‌టాప్ తెచ్చి మంచం పక్కన పెట్టింది. తనూజ ఏదో హైదరాబాదు కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కాసేపు యుద్ధం ఆట ఆడుకుంటుంది.

పరామర్శకని పోయి నేనూ ఆ మంచం పక్కనే కూర్చుని చూసేవాణ్ణి. ఆ ఆటకు ఏదో పేరుంది, నాకు నోరు తిరగదు. ఒక పెద్ద మైదానం. ఈ చివర మన కోట, ఆ చివర ఎదుటివాడి కోట. ట్యాంకులూ ఫిరంగి బండ్లూ తయారుచేసి ఒకరి మీదికి ఒకరు పంపాలి. చదరంగంలో లాగా నీ వంతు, నా వంతు అని ఉండదు. నువ్వు గడ్డం గోక్కుంటూ ఆలోచించే లోపల అవతలివాడు వచ్చి నీ కోట కూల్చేస్తాడు. ఆడేవాళ్లు ఏ దేశంలోనైనా ఉండొచ్చు.

మొదటిరోజు ఓబుళేశు కాసేపు చూసి, “అమ్మా, ఆ కాలిన బండిని అట్లే వదిలేసి పోతాండావేం?” అన్నాడు.

“అది పోయింది నాయనా.”

“పోయిందని నీకు యెవరు చెప్పిరి?”

 కాలిపోయిన బండ్లను తిరిగి లేపే చిన్న రిపేరు బండి ఒకటి ఆటలో ఉందని, టైము ఎక్కువ పడుతుందని దాన్ని ఎవరూ పెద్దగా వాడరని తనూజ చెప్పింది. ఓబుళేశు మంచం మీద లేచి కూర్చున్నాడు. “ఆ ముక్క ముందు చెప్పల్ల గదా!”

ఆ రోజు నుంచి ఓబుళేశు ఆడాడు. ఆడాడంటే యుద్ధం చేశాడని కాదు. అందరూ ముందు ట్యాంకులు తయారుచేస్తే, ఇతను రెండు ఫిరంగులు పెట్టుకుని, ముప్పై రిపేరు బండ్లు చేసేవాడు. “వాడు వచ్చి కొట్టనీలేమ్మా. కాలకపోతే మనకు పనేముంటాది?” అనేవాడు. ఎదుటివాడు వచ్చి కొడతాడు. ఇతను లేపుతాడు. వాడు మళ్లీ కొడతాడు. ఇతను మళ్లీ లేపుతాడు. గంట గడిచేసరికి అవతలివాడికి విసుగెత్తిపోయి, తెర మీద ఇంగ్లీషులో ఏవేవో రాసేవాడు.

“ఏమంటాండాడమ్మా?”

“మీ పని బాగుండాది అంటాండాడు నాయనా.”

నాకు ఇంటర్మీడియట్ చదివినంత ఇంగ్లీషు వచ్చు. వాడు ఓబుళేశు తల్లిని తలుచుకుంటున్నాడు. నేను నోరు మూసుకుని టీ తాగాను. ఓబుళేశు మాత్రం సంతోషంగా, “థాంక్స్ అని రాయమ్మా” అనేవాడు.

ఆటలో ఒక మెలిక ఉంది. ఎదుటివాడి ట్యాంకు మన దగ్గర కాలిపోయి పడితే, దాన్ని మనం లేపుకోవచ్చు. లేపితే అది మనదవుతుంది, వాడి ట్యాంకుతో వాడినే కొట్టొచ్చు. నేను వ్యాపారస్తుణ్ణి, ఆ మాట వినగానే నా కళ్లు మెరిశాయి. ఓబుళేశు మాత్రం ఎదుటివాడి ట్యాంకును లేపి, దాన్ని నడిపించుకుంటూ మైదానమంతా దాటించి, వాడి కోట వాకిట్లో నిలబెట్టి వచ్చాడు.

“ఏమప్పా ఇది?” అన్నాను. “గెలిచే ఆట గదా పోగొడుతున్నావు!”

“వాని బండి శెట్టీ. బాగుచేసినంత మాత్రాన నాదైతాదా? వాని కొట్టానికి చేర్చల్ల.”

అక్కడికీ ఊరికే పంపడు. తన కోట ముందు దాన్ని కొంచెం నడిపి ఆపుతాడు. మళ్లీ నడిపి ఆపుతాడు. మూడోసారి నడిపి ఆపుతాడు. ట్రయల్! మూడు కానిదే ట్యాంకు కూడా గడప దాటదు. ఇంత చేసి అప్పగిస్తే, అవతలి దేశం వాడు దాన్ని చూసిన మరుక్షణం కాల్చేసేవాడు. ప్రతిసారీ ఓబుళేశు మొహం చిన్నబోయేది. “బాగుచేసి తెచ్చిచ్చిన బండిని కాల్చుకుంటాండాడు చూడు, ఏం మనుషులప్పా!” అనేవాడు. తనూజ, నేను దిండులో మొహం పెట్టుకుని నవ్వేవాళ్లం.

ఒక రోజు తనూజ నా దుకాణానికి వచ్చింది. ఆమె, రాయచోటిలో ఉన్న మహానంది కూతురు అమూల్య, పెద్దవాళ్లకు తెలియకుండా ఎప్పటినుంచో ఫోన్లో మాట్లాడుకుంటున్నారట. “మామా, అమూల్య వాళ్ల నాయనకు గూడా ఈ ఆట నేర్పించింది. ఇద్దరికీ చెప్పకుండా ఒకరితో ఒకరిని ఆడిద్దామనుకుంటాండాం” అంది.

“ఆడిస్తే ఏమొస్తుందమ్మా?”

“ఏడేండ్ల కోపం మామా. ఆటలోనన్నా కసిదీరా కొట్టుకుంటే కొంచెమన్నా తగ్గదా? మా అమ్మను చూస్తే కడుపు తరుక్కుపోతాంది. ఎన్నాళ్లు ఆ బస్సులను చూసేది?”

వద్దనాలనిపించింది. ఓబుళేశుకు తెలిస్తే ఉన్న కాస్త దారి కూడా మూసుకుపోతుందని భయం వేసింది. కానీ ఆ బస్సుల మాట విన్నాక వద్దనలేకపోయాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు మొదలైంది. తనూజ తండ్రి పేరు కనపడకుండా ‘ఆటగాడు ఒకటి’ అని పెట్టింది. అవతల ‘ఆటగాడు రెండు’. శ్రీదేవమ్మ వసారాలో చెనిక్కాయలు ఒలుస్తోంది. నేను ఓబుళేశు మంచం కాళ్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. 

పది నిమిషాలకు అవతలి ట్యాంకు ఒకటి వచ్చింది. ఓబుళేశు ఫిరంగి దాన్ని పేల్చేసింది. ఓబుళేశు అలవాటు ప్రకారం లేపాడు, మూడు ట్రయళ్లు వేశాడు, తీసుకుపోయి అవతలి వాకిట్లో నిలబెట్టాడు. ఇప్పుడు కాలుస్తాడు అనుకున్నాం. అవతలివాడు కాల్చలేదు. ట్యాంకు అలాగే నిలబడి ఉంది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి.

“ఏమైందమ్మా వీనికి? నిద్రపోయినాడా?” అన్నాడు ఓబుళేశు.

ఇంతలో అవతలివైపు నుంచి ఒక ఫిరంగి బండి బయటికి వచ్చింది. అది మనదే. మొదట్లో దారి చూసి రమ్మని ఓబుళేశు పంపితే అవతల కాలిపోయిన బండి. వాడు దాన్ని లేపాడు. ఇక మన మీదికి వస్తుందని తనూజ ఫిరంగిని సిద్ధం చేయబోయింది. బండి రాలేదు. కొంచెం నడిచి ఆగింది. మళ్లీ నడిచి ఆగింది. మూడోసారి నడిచి ఆగింది. ఆ తర్వాత మైదానం దాటి వచ్చి, మన కోట వాకిట్లో బుద్ధిగా నిలబడింది.

ఓబుళేశు వేళ్లు ల్యాప్‌టాప్ మీద ఆగిపోయాయి.

“తనూజా, ఈ ఆడేదెవరు?”

తనూజ నా వైపు చూసింది. నేను కట్టు కట్టిన కాలి వైపు చూశాను.

“మూడుసార్లు ఆపి చూడమని ఈ లోకంలో నేను ఒక్కనికే చెప్పినా” అన్నాడు ఓబుళేశు. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. వసారాలో చెనిక్కాయల చప్పుడు ఆగిపోయింది. ఓబుళేశు ల్యాప్‌టాప్ మూత సగం మూశాడు. అయిపోయింది, అంతా చెడగొట్టుకున్నాం అనుకున్నాను. మూత అలాగే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మళ్లీ తెరిచాడు. రెండు కోటల వాకిళ్లలో రెండు బండ్లు, ఎవరిది వారి దగ్గర, ఎండలో నిలబడి ఉన్నాయి.

తనూజ ఫోను మోగింది. అమూల్య. తనూజ స్పీకరు పెట్టింది. “వదినా, మా నాయన కనిపెట్టినాడు” అంది అమూల్య. తర్వాత అటునుంచి మాట లేదు. మగమనిషి ఎవరో దగ్గరగా ఊపిరి తీసుకుంటున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. ఇటు ఓబుళేశు కూడా ఊపిరి తీసుకుంటున్నాడు. ఏడేళ్ల తర్వాత బావా బావమరదులు ఒకరి ఊపిరి ఒకరు వింటున్నారు, మాట్లాడమంటే మాత్రం ఇద్దరికీ నోరు పెగలదు. నాకు ఒళ్లు మండిపోయింది. నేనే ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను.

“ఏరా” అన్నాడు ఓబుళేశు. “మూడో ట్రయల్ అంత తొందరగా ఆపితే యెట్లరా? వేడి చూసేది లేదా?”



“కంప్యూటర్లో వేడి యెట్ల చూసేది బావా?”

“చూడల్లనుకుంటే యెట్లన్నా చూడొచ్చు! పదేండ్లు నేర్పిస్తి గదరా!”

అంతే, కట్ట తెగింది. ట్రయల్ నుంచి తీగ మందానికి పోయారు, అక్కడినుంచి వార్నిష్‌కు, అక్కడినుంచి ఈ మధ్య వస్తున్న బేరింగుల నాసిరకానికి. కొత్త మోటర్లు అమ్మేవాళ్లంతా దొంగలు అన్నాడు మహానంది. అవునవును అన్నాడు ఓబుళేశు, నేను పక్కనే కూర్చుని ఉండగా! అరగంట అరుచుకున్నారు. వినేవాడికి కొట్లాట అనిపిస్తుంది. నాకు మాత్రం లోపల ఏదో బరువు దిగుతున్నట్టు అనిపించింది.

అరిచి అరిచి మహానంది ఆగాడు. “బావా, ఆ పొద్దు ఆ మోటరు చచ్చిపోలే” అన్నాడు.

ఓబుళేశు ల్యాప్‌టాప్ పక్కకు జరిపాడు.

“అట్లాంటిది నేను యెప్పుడూ చుట్టలే. యెన్ని చుట్లో, యెట్ల చుట్టల్లో తెలీలే. పదేండ్లు చేసి తెలీదని చెప్పేకి సిగ్గేసింది. నువ్వొచ్చేలోపల దాన్ని కనపడకుండా చేసినా.”

“అడిగింటే చెప్తాంటి గదరా.”

“అడిగితే తిడతావు గదా బావా.”

ఓబుళేశు నిజాయితీగా ఆలోచించాడు. “తిట్టి చెప్తాంటి” అన్నాడు. అని, తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు.  నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. రాస్తున్నాను కదా, అదీ రాయాలి.

అప్పుడు చూశాను, శ్రీదేవమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఒడిలో చెనిక్కాయల పొట్టు అలాగే ఉంది. లోపలికి వచ్చి, తనూజ చేతిలోని ఫోను తీసుకుని, నోటి దగ్గర పెట్టుకుంది. ఏడేళ్లుగా ఆమె దాచుకున్న మాటలన్నీ ఇప్పుడు వాడి నెత్తిన పడతాయని నేను సర్దుకుని కూర్చున్నాను.

“ఏమిరా” అంది. “అన్నం తిన్న్యావా?”

తీగ గురించి, వార్నిష్ గురించి అరగంట అరిచిన మనిషికి ఈ ఒక్క మాటకు జవాబు రాలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. చివరకు “లేదక్కా” అన్నాడు.

“అబద్ధమత్తా, రెండుసార్లు తిన్న్యాడు” అని వెనకనుంచి అమూల్య అరిచింది.

శ్రీదేవమ్మ ఆ మాట విన్నట్టు లేదు. “లేదంటాండాడు” అని మాతో చెప్పి, ఫోను తనూజ చేతిలో పెట్టి లోపలికి పోయింది. రాయచోటి నుంచి డోన్‌కు ఆరు గంటల దారి. వస్తానని మహానంది ఇంకా అననైనా లేదు. వంటింట్లో ఆమె బియ్యం కడుగుతున్న చప్పుడు మాకు వినపడింది.